పాత హాలీవుడ్ సినిమాలు మళ్లీ చూడాలంటే: ఒక నటుడి వెంట వరసగా వెళ్లే పద్ధతి

పాత హాలీవుడ్ సినిమాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు ఇవే. "ఎక్కడ మొదలుపెట్టాలి?" "వంద గొప్ప సినిమాల జాబితా పట్టుకుని కూర్చున్నాం, మూడోదానికే ఆగిపోయాం, ఏం చేయాలి?" "ఒకప్పుడు ఎంతో నచ్చిన సినిమా ఇప్పుడు నత్తనడకలా అనిపించింది, ఎందుకు?" సికింద్రాబాద్ సంగీత్‌లో ఇంగ్లీషు సినిమాలు చూసిన తరం వాళ్లూ అడుగుతున్నారు. రాత్రి కార్టూన్ నెట్‌వర్క్ అయిపోయాక అదే చానెల్లో మొదలయ్యే టీఎన్‌టీలో నలుపు తెలుపు సినిమాల్ని సగం సగం చూసి పెరిగినవాళ్లూ అడుగుతున్నారు.

అందరికీ చెప్పేది ఒకటే. గొప్ప సినిమాల జాబితాలు పక్కన పెట్టండి. ఒక్క నటుణ్ణో, ఒక్క నటినో ఎంచుకోండి. వాళ్లు ఇరవై ఏళ్లలో చేసిన పనిని పది సినిమాల్లో, వరసగా, మంచి ప్రింటులో చూడండి. జాబితాలో ఒక సినిమాకీ మరో సినిమాకీ చుట్టరికం ఉండదు, అందుకే మధ్యలో తెగిపోతుంది. ఒకే మనిషి ముఖం వెంట వెళ్తే, ఆ మనిషి తర్వాత ఏమయ్యాడో తెలుసుకోవాలన్న ఆత్రమే మిమ్మల్ని లాక్కుపోతుంది.

ఇక్కడ జేమ్స్ స్టీవర్ట్‌ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. పద్ధతి ఎవరికైనా పనికొస్తుంది. ఒక హెచ్చరిక: అయిదో, ఏడో భాగాల్లో కొన్ని కథల మలుపులు బయటపడతాయి. ఆ సినిమాలు అసలు చూడనివాళ్లు చూశాకే వాటిని చదవండి.

## 1. ముందు నటుణ్ణి ఎంచుకోండి

ఇష్టం ఒక్కటే చాలదు. ఎంచుకునే మనిషికి ఈ నాలుగూ ఉండాలి:

- కనీసం ఇరవై ఏళ్ల పని
- ఒకే దర్శకుడితో మళ్లీ మళ్లీ చేసిన సినిమాలు
- వయసుతోనో, జీవితంలో వచ్చిన మలుపుతోనో మారిన నటన
- అందుబాటులో ఉన్న మంచి ప్రింట్లు

ఈ లెక్కన బార్బరా స్టాన్విక్, కేరీ గ్రాంట్, బెటీ డేవిస్, హెన్రీ ఫోండా, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ చక్కగా సరిపోతారు. జేమ్స్ డీన్ ప్రధాన పాత్రలు వేసినవి మూడే సినిమాలు. గ్రేస్ కెలీ 1956లోనే నటన మానేసింది. వాళ్ల సినిమాలు తప్పకుండా చూడండి కానీ ఈ పద్ధతికి అంత చిన్న ప్రయాణం చాలదు.

స్టీవర్ట్‌లో ఈ నాలుగూ నిండుగా ఉన్నాయి. దర్శకుల్లో ఫ్రాంక్ కాప్రాతో మూడు సినిమాలు, హిచ్‌కాక్‌తో నాలుగు, ఆంథొనీ మన్‌తో ఎనిమిది చేశాడు. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1941లో సైన్యంలో చేరి, బాంబర్ విమానాలు నడిపి, కర్నల్‌గా తిరిగొచ్చాడు. వెళ్లకముందు చేసిన సినిమా ఒకటీ, వచ్చాక చేసినది ఒకటీ పక్కపక్కన పెట్టుకుంటే, అది ఒకే మనిషేనా అని ఆగి చూస్తాం.

## 2. పది సినిమాల వరస తయారుచేసుకోండి

ఎక్కువమంది చేసే పని, తొలి సినిమా నుంచి ఒక్కటీ వదలకుండా మొదలుపెట్టడం. తొలినాళ్లలో స్టూడియో అప్పగించిన చిన్నాచితకా వేషాలే ఎక్కువ కాబట్టి అక్కడే ఉత్సాహం చచ్చిపోతుంది. రెండో పొరపాటు, అందరూ పొగిడే సినిమాతో మొదలుపెట్టడం.

నేను చెప్పే వరస ఇది. ఎవరికైనా వెంటనే పట్టేసే సినిమా ఒకటి ముందు చూడండి. అది ద్వారం. తర్వాత వెనక్కి వెళ్లి కాలక్రమంలో రండి. ద్వారం సినిమా తన వరసలోకి వచ్చినప్పుడు దాన్ని మళ్లీ చూడండి. అప్పటికి ఆ నటుడి గతం మీకు తెలుసు కాబట్టి అదే సినిమా వేరేగా కనబడుతుంది.

1. రియర్ విండో (1954), 112 నిమిషాలు. ద్వారం.
2. మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్ (1939), 129 నిమిషాలు.
3. ద షాప్ అరౌండ్ ద కార్నర్ (1940), 99 నిమిషాలు.
4. ద ఫిలడెల్ఫియా స్టోరీ (1940), 112 నిమిషాలు.
5. ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్ (1946), 130 నిమిషాలు.
6. వించెస్టర్ 73 (1950), 92 నిమిషాలు.
7. ద నేకెడ్ స్పర్ (1953), 91 నిమిషాలు.
8. రియర్ విండో, రెండోసారి.
9. వెర్టిగో (1958), 128 నిమిషాలు.
10. అనాటమీ ఆఫ్ ఎ మర్డర్ (1959), 160 నిమిషాలు.
11. ద మ్యాన్ హు షాట్ లిబర్టీ వాలెన్స్ (1962), 123 నిమిషాలు.

స్టీవర్ట్ చేసిన మరో సినిమా హార్వీని ఎందుకు వదిలేశారని తప్పకుండా అడుగుతారు. నాకూ చాలా ఇష్టం. ఈ పదీ అయ్యాక దాన్ని చూస్తే ఎక్కువ ఆనందం దొరుకుతుంది.

వారానికి ఒకటి చాలు. వారాంతంలో సినిమా, వారం మధ్యలో ఒకరోజు అందులోని రెండు మూడు దృశ్యాలు మళ్లీ. ఒకేరోజు రెండు సినిమాలు చూస్తే రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది.

## 3. ప్రింటు సరిచూసుకోండి

పాత సినిమా నచ్చలేదని చెప్పినవాళ్లని "ఏ కాపీ చూశారు?" అని అడిగితే చాలాసార్లు అసలు కారణం అక్కడే దొరుకుతుంది. మసకబారిన బొమ్మ, గరగరలాడే శబ్దం, అంచులు తెగిన ఫ్రేము. ఈ భాగానికి ఎంత సమయం పెట్టినా వృథా కాదు.

నిడివి. ముందుగా చూడాల్సింది ఇదే. పైన నిమిషాలు ఇచ్చింది అందుకే. ఉదాహరణకి ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్‌కి 1974లో కాపీరైటు పొడిగించుకోలేదు. దాంతో అమెరికాలో టీవీ చానెళ్లన్నీ ఇష్టమొచ్చినన్నిసార్లు వేసుకున్నాయి, సినిమాకి అంత పేరు రావడానికి అదీ ఒక కారణం. కానీ అదే కారణంగా నాసిరకం కాపీలు కుప్పలుగా పుట్టుకొచ్చాయి. హీరో అసలు పుట్టకపోయి ఉంటే ఊరు ఎలా ఉండేదో చూపించే పాటర్స్‌విల్ ఘట్టాన్ని కోసేసిన కురచ వెర్షన్ కూడా తిరుగుతోంది. అది లేకపోతే చివరి పది నిమిషాలకి అర్థమే లేదు. 130 నిమిషాలు లేని కాపీని ముట్టుకోకండి.

ఒక మినహాయింపు ఉంది. మన దగ్గర దొరికే పాల్ పద్ధతి డీవీడీల్లో సెకనుకి 24 ఫ్రేముల సినిమా 25 ఫ్రేములతో నడుస్తుంది. అంటే 4 శాతం ఎక్కువ వేగం. 128 నిమిషాల వెర్టిగో అందులో 123 నిమిషాలకే అయిపోతుంది. దాన్ని చూసి ఎక్కడో కోసేశారని కంగారు పడకండి. గొంతులు మాత్రం కాస్త సన్నగా వినిపిస్తాయి.

ఫ్రేము ఆకారం. 1953కి ముందు హాలీవుడ్ సినిమాలు దాదాపు అన్నీ 1.37:1 కొలతలో, చదరానికి దగ్గరగా ఉండేవి. ఇప్పటి టీవీలో చూస్తే ఎడమా కుడీ నల్ల పట్టీలు రావాలి. రాకపోతే బొమ్మను సాగదీశారు, లేదా పైనా కిందా కోశారు. తెర నిండేలా జూమ్ చేస్తే దాదాపు నాలుగోవంతు బొమ్మ పోతుంది. ఆరడుగులు దాటిన స్టీవర్ట్ తల నుదుటి దగ్గర తెగిపోతుంది. 1953లో వెడల్పు తెర పద్ధతి సినిమాస్కోప్ వచ్చాక ఒక్కో సినిమా ఒక్కో కొలతలో ఉంటుంది.

రంగు. నలుపు తెలుపులో తీసిన సినిమాకి తర్వాత రంగులద్దిన వెర్షన్ ఎదురైతే వదిలేయండి. స్టీవర్ట్ స్వయంగా ఈ పనిని గట్టిగా వ్యతిరేకించాడు. ఆ సినిమాల్లో వెలుగూ నీడా కొలిచి పెట్టినవి, వాటిమీద రంగు పూస్తే ముఖంలో లోతు పోతుంది. పై జాబితాలో రంగుల్లో తీసినవి రియర్ విండో, ద నేకెడ్ స్పర్, వెర్టిగో. మిగతా ఏడూ నలుపు తెలుపే.

శబ్దం. ఈ సినిమాల్లో చాలావరకు మోనోలో, అంటే ఒకే చానెల్ శబ్దంతో, విడుదలైనవే. డిస్కులో అసలు మోనో ట్రాక్ ఉంటే అదే పెట్టుకోండి. వెర్టిగోని 1996లో రాబర్ట్ హారిస్, జేమ్స్ కాట్జ్ పునరుద్ధరించినప్పుడు అడుగుల చప్పుడు లాంటి శబ్దాలు కొన్ని కొత్తగా రికార్డు చేశారు. బొమ్మ అద్భుతంగా వచ్చింది కానీ పాత శబ్దం అలవాటైనవాళ్లకి ఆ తేడా తెలిసిపోతుంది.

డిస్కు కొనేవాళ్లకి. డిస్కులు ఏ ప్రాంతానికి (రీజియన్) చేసినవి ఆ ప్రాంతపు ప్లేయర్లోనే ఆడతాయి. డీవీడీల్లో మన దేశం 5వ రీజియన్, బ్లూరేల్లో సి. అమెరికా నుంచి బంధువులు తెచ్చే బ్లూరేలు ఎక్కువగా ఎ. మామూలు ప్లేయర్లో పడకపోవచ్చు, ముందే అడిగి తెప్పించుకోండి. 4కె డిస్కులకి ఈ అడ్డు లేదు.

చూసే ముందు:

- నిడివి సరిపోయిందా?
- 1953కి ముందుదైతే పక్కల నల్ల పట్టీలు ఉన్నాయా?
- రంగులద్దిన వెర్షన్ కాదు కదా?
- మోనో ట్రాక్ ఉందా?
- ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయా?

## 4. టీవీని సిద్ధం చేయండి

ఒకసారి చేసి పెట్టుకుంటే చాలు, అన్ని సినిమాలకీ పనికొస్తుంది.

మోషన్ స్మూతింగ్ ఆపేయండి. అది ఉంటే, సినిమాలో లేని ఫ్రేముల్ని టీవీయే కల్పించి మధ్యలో చొప్పిస్తుంది, సినిమా కాస్తా స్టూడియోలో తీసిన సీరియల్‌లా తయారవుతుంది. సోనీలో దాని పేరు మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్. మీ టీవీలో ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే దాన్ని ఎంచుకోండి, చాలా వరకు అదే సర్దేస్తుంది.

వివిడ్ మోడ్ తీసేయండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. నాయిస్ రిడక్షన్ ఆపండి. తెరమీద సన్నగా కదిలే రేణువులు ఫిల్ముకి సహజం. వాటిని తుడిచే ప్రయత్నంలో టీవీ ముఖంమీది చర్మాన్ని మైనపు బొమ్మలా చేస్తుంది.

ట్యూబ్‌లైటు ఆర్పి, టీవీ వెనకవైపు ఒక చిన్న లైటు ఉంచండి. వర్చువల్ సరౌండ్ తీసేయండి.

సబ్‌టైటిల్స్ పెట్టుకోవడానికి మొహమాటపడకండి. 1940 ప్రాంతపు హాస్య చిత్రాల్లో ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకుంటారు. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లకే కొన్ని మాటలు జారిపోతాయి. రెండోసారి చూసేటప్పుడు మాత్రం తీసేయండి, కళ్లు అక్షరాల మీంచి ముఖాల మీదికి వెళ్లాలి.

## 5. చూసే ముందు పది నిమిషాలు

కథ చదవొద్దు, విమర్శ చదవొద్దు. మూడు విషయాలు మాత్రం తెలుసుకోండి.

ఏ సంవత్సరం. 1934 జులై ఇటుదా, అటుదా అన్నది ముఖ్యం. సినిమాల్లో ఏం చూపించొచ్చో, ఏం కూడదో చెబుతూ అంతకుముందే రాసిపెట్టుకున్న ప్రొడక్షన్ కోడ్‌ని ఆ నెల నుంచి జోసెఫ్ బ్రీన్ కార్యాలయం కచ్చితంగా అమలు చేసింది. 1968 నవంబరులో రేటింగుల పద్ధతి వచ్చేదాకా అది ఏదో ఒక రూపంలో నడిచింది. నేరానికి శిక్ష పడాలి, వ్యభిచారం ఆకర్షణీయంగా కనిపించకూడదు, ఇలా ఎన్నో నియమాలు. ఇవి తెలిస్తే ఆ సినిమాల్లో తలుపు మూసుకోవడం, సిగరెట్ వెలిగించడం, తెర నెమ్మదిగా చీకటి కావడం వెనక ఏం దాచారో పట్టుకోగలుగుతారు.

స్టీవర్ట్ సినిమాల్లోనే రెండు మంచి ఉదాహరణలున్నాయి. ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్‌లో ముసలి పాటర్ 8,000 డాలర్లు దాచేసుకుంటాడు, ఏ శిక్షా పడదు. కోడ్ రోజుల్లో ఇది అరుదు. వెర్టిగోలో హంతకుడు తప్పించుకుంటాడు. సెన్సారు అభ్యంతరాలకి జవాబుగా, పోలీసులు అతని వెంట పడ్డారని రేడియోలో వినిపించే ముగింపు ఒకటి విడిగా తీశారు. కొన్ని డిస్కుల్లో అది ఉంటుంది. సినిమా అయ్యాక చూడండి, ముందు కాదు.

ఏ స్టూడియో. అప్పటి నటులు ఏడేళ్ల ఒప్పందం మీద స్టూడియో జీతగాళ్లు. ఎన్టీఆర్‌ని విజయా సంస్థ మొదట్లో నెలజీతం మీద పెట్టుకున్న సంగతి తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. స్టీవర్ట్ 1935 నుంచి ఎంజీఎం మనిషి. మిస్టర్ స్మిత్ మాత్రం కొలంబియాది, అక్కడికి అద్దెకు వెళ్లి చేశాడు. యుద్ధం నుంచి వచ్చాక ఏ స్టూడియోకీ కట్టుబడలేదు. వించెస్టర్ 73కి పారితోషికం బదులు లాభాల్లో వాటా తీసుకున్నాడు, ఆ పద్ధతిని తర్వాత చాలామంది తారలు అందుకున్నారు. ఏ పాత్ర అతనికి అప్పగించారు, ఏది తను కోరుకున్నాడు అన్న తేడా తెలిసి చూస్తే, 1950 తర్వాత ఆ ముఖం ఎందుకంత కరకుగా మారిందో ఆలోచించడానికి ఒక దారి దొరుకుతుంది.

ఏ దర్శకుడు. పేరు చాలు. కాప్రా స్టీవర్ట్, మన్ స్టీవర్ట్, హిచ్‌కాక్ స్టీవర్ట్ ముగ్గురు వేరువేరు మనుషులు.

## 6. మొదటిసారి చూడడం

ఆపకుండా చూడండి. ఫోను వేరే గదిలో పెట్టండి. "ఈ నటి ఇంకెందులో చేసింది?" అని వెతకాలనిపిస్తే తర్వాత వెతకండి.

టైటిల్స్ దాటేయకండి. అప్పట్లో పేర్లన్నీ మొదట్లోనే పడేవి, వాటివెంట వచ్చే సంగీతం సినిమా పోకడ చెప్పేస్తుంది. వెర్టిగో టైటిల్స్ దాటేసినవాళ్లు ఆ సినిమాలోకి సగం తలుపులోంచి వెళ్లినట్టే.

మొదటి ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి. ఈ సినిమాలు మనుషుల్ని ముందు పరిచయం చేస్తాయి, గొడవ తర్వాత మొదలవుతుంది. వెర్టిగోలో స్టీవర్ట్ మాటా పలుకూ లేకుండా కారులో ఆమెని వెంబడిస్తూ చాలాసేపు తిరుగుతాడు. అక్కడ ఏమీ జరగడం లేదని అనుకున్న క్షణంలోనే మనం కూడా అతనిలాగే ఆమెని చూడడానికి అలవాటు పడిపోతాం.

## 7. రెండోసారి చూడడం: అసలు పని ఇక్కడ

మళ్లీ చూడడం అంటే మొత్తం సినిమాని మొదటి నుంచి తిప్పడమే కానక్కర్లేదు. దృశ్యాలు ఎంచుకోండి. ఒక్కో దృశ్యానికి ఒక్క ప్రశ్న పెట్టుకోండి. నేను వాడే ప్రశ్నలు ఇవి.

గొంతు ఏం చేస్తోంది? మిస్టర్ స్మిత్‌లో సెనేట్‌లో ఆగకుండా మాట్లాడే ఘట్టం తీసుకోండి. గొంతు బొంగురుపోయినట్టు నటించడం చాలదనుకుని స్టీవర్ట్ వైద్యుడి చేత గొంతులో మందు పూయించుకున్నాడు. ఆ ఘట్టాన్ని మొదట్లో రెండు నిమిషాలు, చివర్లో రెండు నిమిషాలు వినండి. కళ్లు మూసుకుని వినండి. మొదట్లో మాటలు తడబడుతూ పరుగెత్తుతాయి. చివరికొచ్చేసరికి ఒక్కో మాటనీ లోపలి నుంచి లాగి తీస్తున్నట్టుంటుంది.

ఎదుటివాడు మాట్లాడుతుంటే ఏం చేస్తున్నాడు? మంచి నటుణ్ణి, అతను వింటున్నప్పుడు పట్టుకోవాలి. ద షాప్ అరౌండ్ ద కార్నర్‌లో కాఫీ హోటల్ దృశ్యం. తను ఉత్తరాలు రాసుకుంటున్న అజ్ఞాత స్నేహితురాలు, కొట్లో రోజూ పోట్లాడే అమ్మాయీ ఒక్కరేనని అతనికి తెలుసు, ఆమెకి తెలియదు. అతన్ని ఒక చిన్న గుమాస్తా అని తీసిపారేస్తుంది మార్గరెట్ సలవన్. ఆ మాట పడ్డాక స్టీవర్ట్ ముఖంలో ఏమీ చేయడు. ఆ ఏమీ చేయకపోవడాన్ని రెండుసార్లు చూడండి. నా దృష్టిలో అతని నటన మొత్తంలో ఇంతకంటే సున్నితమైన చోటు లేదు.

అనుకోనిది ఏదైనా జరిగిందా? ద ఫిలడెల్ఫియా స్టోరీలో తాగి వచ్చి కేరీ గ్రాంట్ ఇంట్లో కూర్చునే దృశ్యంలో స్టీవర్ట్‌కి ఎక్కిళ్లు వస్తాయి. అది స్క్రిప్టులో లేదు. గ్రాంట్ నవ్వు ఆపుకుంటూ అందుకున్న తీరు చూడండి. ఆస్కార్ స్టీవర్ట్‌కి ఈ సినిమాకే వచ్చింది.

కెమెరా ఎందుకు ఇంత దగ్గరికి వచ్చింది? ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్‌లో బారులో కూర్చుని దేవుణ్ణి ప్రార్థించే దృశ్యం. స్టీవర్ట్‌కి నిజంగానే కన్నీళ్లొచ్చాయి. మళ్లీ తీస్తే ఆ క్షణం రాదని కాప్రా ఉన్న షాటునే ల్యాబులో పెద్దది చేయించి దగ్గరికి తెచ్చాడు. అందుకే అక్కడ బొమ్మలో రేణువులు ఎక్కువ కనిపిస్తాయి. ప్రింటు బాగాలేదని అనుకోకండి.

అదే సినిమాలో డోనా రీడ్‌తో ఒకే ఫోను రిసీవరు పంచుకునే దృశ్యం ఉంది. ఫోనులో అవతలివాడు వ్యాపారం గురించి మాట్లాడుతూనే ఉంటాడు, ఇద్దరి ముఖాల మధ్య బెత్తెడు దూరం. ఇక్కడ శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. ప్రేమా, ఊరు దాటి వెళ్లలేకపోయిన కోపమూ ఒకే ముఖంలో కొట్టుకుంటుంటాయి.

కోపం ఎక్కడి నుంచి వస్తోంది? వించెస్టర్ 73లో డాన్ డ్యూరియా చెయ్యి మెలితిప్పి ముఖాన్ని బారు బల్లకేసి అదిమే దృశ్యం దగ్గర ఆపి, స్టీవర్ట్ కళ్లు చూడండి. తర్వాత మిస్టర్ స్మిత్‌లో ఏదో ఒక క్లోజప్ చూడండి. మధ్యలో పదకొండేళ్లు. ద నేకెడ్ స్పర్ చివర్లో, బహుమతి డబ్బు కోసం శవాన్ని ఈడ్చుకొచ్చి, జానెట్ లీ ఎదురుగా కుప్పకూలి ఏడుస్తాడు. ఆ రోజుల్లో కౌబాయ్ హీరో అలా ఏడవడం ఎవరూ ఊహించనిది. ఆ ఏడుపు విన్నాక వెర్టిగోలోకి వెళ్లండి.

చూడడమే నటన అయితే? రియర్ విండోలో స్టీవర్ట్ కాలికి కట్టుతో కుర్చీలోంచి కదలడు. గ్రేస్ కెలీ ఎదుటి ఫ్లాటులో దొరికిపోయినప్పుడు అతను చేయగలిగింది చూడడమే. ఆ ఘట్టంలో అవతల ఏం జరుగుతోందో వదిలేసి, స్టీవర్ట్ మీదికి వచ్చిన షాట్లు మాత్రమే గమనించండి. చేతులు ఎటు వెళ్తున్నాయి, నోరు ఎప్పుడు తెరుచుకుంది. మొదటిసారి మీకు భయం ఎదుటి ఫ్లాటులో కనిపించి ఉంటుంది. నిజానికి అది ఇక్కడ, ఈ ముఖంలో తయారైంది.

ఇక వెర్టిగో. మూడింట రెండొంతులు దాటాక జూడీ (కిమ్ నొవాక్) రాసే ఉత్తరంతో రహస్యం మనకి తెలిసిపోతుంది, అతనికి తెలియదు. మొదటిసారి చూసినప్పుడు మనం అతని పక్షాన ఉంటాం. రెండోసారి ఆ ఉత్తరం నుంచి చివరిదాకా కిమ్ నొవాక్ పక్షాన ఉండి చూడండి. బట్టలు మార్చు, జుట్టు మార్చు అని అతను బతిమాలుతుంటే, తెర మనకి ఎంతో ఇష్టమైన ఆ మంచి మనిషి ముఖాన్నే చూపిస్తూ ఉంటుంది. మిస్టర్ స్మిత్‌లో నిజాయితీగా కనిపించిన మొండితనమే ఇక్కడ భయపెడుతుంది. ఆకుపచ్చ వెలుగులోంచి ఆమె నడిచొచ్చే షాటు వరకూ వచ్చాక ఆపేసి, కాసేపు ఊరుకోండి. ఈ పది సినిమాల వరస వేసింది ఈ ఒక్క దృశ్యానికి మిమ్మల్ని సిద్ధం చేయడానికే అన్నా నాకు అభ్యంతరం లేదు. వెర్టిగోని మొదటే చూసేస్తే ఇది దక్కదు.

అనాటమీ ఆఫ్ ఎ మర్డర్‌కీ లిబర్టీ వాలెన్స్‌కీ ప్రశ్న ఒకటే: వయసుని ఎలా వాడుకున్నాడు? రెండోదానిలో యాభై దాటిన మనిషి కుర్ర లాయరుగా కనబడతాడు. మొదట ఇబ్బందిగా ఉంటుంది. అది ఒక ముసలి సెనేటర్ నెమరేసుకుంటున్న కథ అని గుర్తుపెట్టుకుని చూస్తే ఆ ఇబ్బంది పోతుంది.

## 8. పుస్తకంలో ఏం రాసుకోవాలి

మార్కులు వేయకండి. ఒక్కో సినిమాకి అర పేజీ చాలు:

- సినిమా, సంవత్సరం, దర్శకుడు, చూసిన కాపీ
- గుర్తుండిపోయిన ఒక చూపు లేదా చేతి కదలిక
- ముందు సినిమా కంటే ఏం మారింది
- మళ్లీ చూడాల్సిన దృశ్యం, ఎన్నో నిమిషంలో ఉందో
- కొత్తగా కళ్లబడిన ఒక సహనటుడు

చివరి గీత ముఖ్యం. తర్వాతి ప్రయాణం దాంట్లోంచే వస్తుంది.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

"నెమ్మదిగా ఉంది." ముందు ప్రింటు, మోషన్ స్మూతింగ్ చూసుకోండి. అవి సరిగ్గానే ఉంటే, ఆ రోజుకి ఆపేసి 91 నిమిషాల ద నేకెడ్ స్పర్ లాంటి బిగువైన సినిమా పెట్టుకోండి. వరస ఒక్కసారి తప్పినా ఫర్వాలేదు.

ముక్కల్లో చూడడం. యూట్యూబ్‌లో గొప్ప దృశ్యాల్ని ముందే చూసేస్తే సినిమాలో అవి రావాల్సిన చోట రావు. ముక్కలు రెండోసారికే.

వ్యక్తిగత కబుర్లతో మొదలుపెట్టడం. ఎవరు ఎవర్ని ప్రేమించారన్నది తెలుసుకుంటే తెరమీద అదే వెతుకుతాం. జీవిత చరిత్రలు పదో సినిమా తర్వాత చదవండి.

అప్పటి వివక్షని చూసి సినిమా కట్టేయడం, లేదా చూడనట్టు దాటేయడం. రెండూ సరికాదు. వించెస్టర్ 73లో ఆదివాసీ నాయకుడి వేషం రాక్ హడ్సన్‌కి ఇచ్చారు. నల్లజాతి పాత్రలు చాలా సినిమాల్లో పనివాళ్లకే పరిమితం. నొప్పించే దృశ్యాన్ని పుస్తకంలో రాసుకోండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. పిల్లలతో చూస్తుంటే ముందే చెప్పండి.

ఇంటిల్లిపాదినీ ఒకేసారి కూర్చోబెట్టడం. పాత సినిమాలంటే అలవాటు లేనివాళ్లని రియర్ విండోకి పిలవండి. 160 నిమిషాల కోర్టు సినిమాకి పిలవకండి.

వెర్షన్లు కలగాపులగం చేసుకోవడం. కొన్ని సినిమాలకి ఒకటికంటే ఎక్కువ రూపాలున్నాయి. హంఫ్రీ బోగార్ట్ వెంట వెళ్లేవాళ్లకి ద బిగ్ స్లీప్ 1945లో తయారైన రూపం, 1946లో విడుదలైన రూపం రెండూ దొరుకుతాయి. మొదట 1946లో విడుదలైన రూపాన్నే చూడండి.

## 10. తర్వాత ఎవరి వెంట?

మీ పుస్తకంలో రాసుకున్న సహనటుల పేర్లు తీయండి. ఎక్కువసార్లు ఎవరు కనబడితే వాళ్లే.

కేరీ గ్రాంట్ అయితే హిస్ గర్ల్ ఫ్రైడే (1940) ద్వారం. అక్కడి నుంచి వెనక్కి వెళ్లి, కాలక్రమంలో నోటోరియస్ (1946) మీదుగా నార్త్ బై నార్త్‌వెస్ట్ (1959) వరకు రండి.

బార్బరా స్టాన్విక్‌ని ఎంచుకుంటే ద లేడీ ఈవ్ (1941)తో మొదలుపెట్టి, వెనక్కి వెళ్లి బేబీ ఫేస్ (1933) చూడండి. దాని సెన్సారు కాని నెగెటివ్ 2004లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బయటపడింది. కత్తిరించి విడుదల చేసిన రూపం కూడా దొరికితే రెండూ పక్కపక్కన పెట్టుకోండి, కోడ్ గురించి ఏ వ్యాసమూ చెప్పలేనంత అర్థమవుతుంది. తర్వాత డబుల్ ఇండెమ్నిటీ (1944).

జాన్ వేన్ వెంట వెళ్లేవాళ్లు లిబర్టీ వాలెన్స్‌ని మళ్లీ చూడాల్సి వస్తుంది. ఈసారి స్టీవర్ట్‌ని వదిలేసి, తలుపు దగ్గర నీడలో నిలబడే ఆ రెండో మనిషిని చూడండి.